సున్నపు రవ్వల చదువు

విశాఖపట్నంలో ఎక్స్‌రే ఫిల్ములు చదవడమే వృత్తిగా బతికేవాళ్లు రెండు రకాలు. ఆసుపత్రుల్లో ఉండేవాళ్లు అందరికీ తెలుసు. రెండో రకం సంగతి షిప్‌యార్డులోనో, బీహెచ్‌పీవీలోనో, స్టీల్‌ప్లాంటులోనో ఉద్యోగం చేసినవాళ్ల ఇళ్లలో అడిగితే చెబుతారు. వెల్డింగు అతుక్కి ఒకవైపు రేడియోధార్మిక ఇరీడియం పెట్టి, రెండోవైపు ఫిల్ము పెట్టి, కడిగిన ఫిల్మును వెలుతురు పెట్టె మీద పరిచి చూస్తారు. ఉక్కు లోపల గాలి బుడగ మిగిలిందా, స్లాగు చిక్కుకుందా, పగులు పుట్టిందా అని వెతుకుతారు. కర్మాగారం భాషలో దాని పేరు ‘ఆర్‌టీ’. లోపల పీడనం భరించాల్సిన పాత్రల్లో చాలావరకు ఆర్‌టీ పాసయ్యాకే ముందుకి కదులుతాయి.

ఈ రెండు వృత్తులకీ చుట్టరికం ఉంది. రొమ్ములో మొలిచే అతి సన్నని కాల్షియం చుక్కలు ఇవాళ మామోగ్రాములో కనబడుతున్నాయంటే, ఆ పుణ్యం కొంత కర్మాగారాలకే దక్కాలి. 1950ల దాకా రొమ్ముకి ఎక్స్‌రే తీస్తే మసకమసకగా వచ్చేది. ఒకరు తీసినట్టు మరొకరికి వచ్చేది కాదు. అమెరికాలో హ్యూస్టన్ నగరంలోని ఎం.డి.ఆండర్సన్ ఆసుపత్రిలో రాబర్ట్ ఈగన్ అనే రేడియాలజిస్టు, ఆసుపత్రి ఫిల్ము పక్కన పెట్టి లోహాల తనిఖీకి వాడే సన్నరేణువుల పారిశ్రామిక ఫిల్ము తెప్పించాడు. వోల్టేజీ తగ్గించి, కరెంటు పెంచి, ఏ అడుగు ఎలా వెయ్యాలో ఒక పద్ధతి రాసిపెట్టాడు. 1960లో వెయ్యి పరీక్షల ఫలితాలు ప్రచురించాక మిగతా ఆసుపత్రులు కూడా ఆ పద్ధతిలో తీసి చూసుకున్నాయి, వచ్చింది. పనితనం అంటే నా లెక్కలో ఇదే: చేసినవాడి చేతిలోనే కాక, నేర్చుకున్నవాడి చేతిలో కూడా పండాలి.

అసలు ఆ చుక్కల్ని మొదట చూసినవాడు బెర్లిన్ సర్జన్ ఆల్బర్ట్ సాలమన్. 1913లో, ఆపరేషన్ చేసి తీసేసిన మూడు వేల రొమ్ముల్ని ఎక్స్‌రే తీసి, కణితి నడుమ చిన్న చిన్న మచ్చలు ఉన్నాయని రాశాడు. అవి కాల్షియం అనీ, వాటితోనే రోగాన్ని పట్టొచ్చనీ అప్పటికి తట్టలేదు. నాజీల కాలంలో ఆయన యూదుడైనందుకు నిర్బంధ శిబిరం చూశాడు. చిత్రకారిణి అయిన కూతురు షార్లట్‌ని 1943లో ఆష్విట్జ్‌లో చంపేశారు. ఆయన మాత్రం నెదర్లాండ్స్‌లో దాక్కుని బతికి బయటపడ్డాడు. వైద్యగ్రంథాల్లో ఆయన పేరు ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది.

చుక్కలకి అర్థం చెప్పినవాడు ఉరుగ్వే దేశపు రౌల్ లెబోర్న్. 1949 ప్రాంతంలో, చేతికి గడ్డ తగలని క్యాన్సర్లలో కూడా ఉప్పు రవ్వల్లాంటి కాల్షియం గుంపులు ఉంటాయని చూపించాడు. రొమ్మును నొక్కిపట్టి తీస్తేనే అవి తేటగా పడతాయని పట్టుబట్టినవాడూ ఆయనే. ఆ తర్వాత ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బూర్గ్‌కి చెందిన చార్ల్స్ గ్రో, ఎక్స్‌రే గొట్టంలో టంగ్‌స్టన్ బదులు మాలిబ్డినం పెట్టించాడు. ఉక్కులో గట్టిదనం కోసం కలిపే లోహంగా విశాఖలో చాలామందికి తెలిసిన మాలిబ్డినమే. దాని నుంచి వచ్చే కిరణాల శక్తి 17 నుంచి 20 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర గుమిగూడుతుంది. ఆ మెత్తని కిరణాలకి కొవ్వుకీ గ్రంథికీ తేడా తెలుస్తుంది, కాల్షియమైతే కొట్టొచ్చినట్టు అడ్డుపడుతుంది. అదే మాలిబ్డినంతో 0.03 మిల్లీమీటర్ల పల్చని రేకు చేసి కిరణాల దారిలో అడ్డంగా పెడితే, పనికిరాని శక్తులు అక్కడే ఆగిపోతాయి. ఒకే లోహాన్ని కిరణం పుట్టించడానికీ, పుట్టినదాన్ని వడకట్టడానికీ వాడుకోవడం చూస్తే, యంత్రం గీసినవాడికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఇప్పటి డిజిటల్ యంత్రాల్లో టంగ్‌స్టన్ మళ్లీ తిరిగొచ్చింది, వడపోతకి రోడియం, వెండి వచ్చాయి. అది వేరే కథ.

ఇంతకీ రొమ్ములో కాల్షియం ఎందుకు పేరుకుంటుంది? ముందు ఒక అపోహ తీసేయాలి. పాలు తాగితే, కాల్షియం మాత్రలు మింగితే ఈ చుక్కలు రావు. మోకాళ్ల నొప్పులకి రాసిచ్చిన మాత్రల్ని మామోగ్రాము రిపోర్టు చూసి మానేసే ఆడవాళ్లున్నారు. మానక్కర్లేదు. రొమ్ములో పాలనాళాలు కొమ్మలు కొమ్మలుగా చీలి, చివర చిన్న చిన్న తిత్తుల్లో ముగుస్తాయి. వయసు, పాత దెబ్బ, పాత వాపు, మానిన గడ్డ, గట్టిపడిన రక్తనాళం, వీటిలో దేనివల్లయినా కాల్షియం పేరుకోవచ్చు. యాభై దాటిన స్త్రీల మామోగ్రాముల్లో ఏదో ఒక చుక్క కనబడటం మామూలే.

అనుమానించాల్సిన కాల్షియం పుట్టే తీరు వేరు. నాళం గోడ లోపలే కణాలు అదుపు తప్పి పెరిగి, గొట్టాన్ని నింపేస్తాయి. రక్తనాళాలు గోడ బయటే ఉంటాయి. వాటి నుంచి మిల్లీమీటరులో ఒకటి రెండు పదో వంతుల దూరం దాటిన కణాలకి ప్రాణవాయువు అందదు. దాంతో గుంపు నడిమధ్యన ఉన్నవి చచ్చిపోతాయి. ఆ చచ్చిన పదార్థంలో కాల్షియం పేరుకుంటుంది. అంటే అక్కడ గట్టిపడేది నాళం లోపలి ఆకారమే. అందుకే ఆ చుక్కలు సన్నని గీతలుగా, తెగిన గీతలుగా, చీలిన కొమ్మలుగా కనిపిస్తాయి. క్యాన్సర్ ఇంకా గోడ దాటలేదు, చేతికి తగలదు, నొప్పి లేదు. దాని ఉనికికి సాక్ష్యం ఆ గీతలొక్కటే. డాక్టర్లు డీసీఐఎస్ అనే ఈ సున్నా దశ క్యాన్సర్ల్లో ఎక్కువ భాగం దొరికేది ఇలా కాల్షియం ద్వారానే.

ఇక్కడ వెల్డింగు ఫిల్ము చదివేవాడు మళ్లీ గుర్తొస్తాడు. బాయిలర్లకీ పీడన పాత్రలకీ ప్రపంచమంతా అనుసరించే ఏఎస్‌ఎంఈ నియమావళిలో, పొడవు వెడల్పుకి మూడు రెట్లు దాటని మచ్చని గుండ్రనిదిగా లెక్కేస్తారు. గుండ్రని బుడగలకి కొంత క్షమ ఉంది. ఎన్ని ఉండొచ్చు, ఎంత దగ్గరగా ఉండొచ్చు అని బొమ్మలు గీసి మరీ చూపిస్తారు. పగులుకి మాత్రం, ఎంత చిన్నదైనా, క్షమ లేదు. రొమ్ములోనూ తీర్పు దాదాపు అంతే: గుండ్రంగా, ఒకేలా ఉంటే వదిలెయ్యి, గీతగా సాగితే భయపడు, ఒక్కొక్కటి కాదు, గుంపు ఎలా పరుచుకుందో చూడు. రెండు నియమావళులూ ఒకదాన్నొకటి చూసి రాసుకున్నవి కావు. అతుకులో పగులు సాగుతుంది, రొమ్ములో నాళం సాగుతుంది, రెండు చోట్లా గీతే ప్రమాదం చెబుతుంది. ఒక తేడా, అక్కడ లోపం ఫిల్ము మీద నల్లగా పడుతుంది, ఇక్కడ తెల్లగా. ఇంకో పెద్ద తేడా కూడా ఉంది. చెడ్డ అతుకుని చెక్కేసి మళ్లీ వెల్డింగు చెయ్యొచ్చు. రొమ్ము విషయంలో ఆ వెసులుబాటు లేదు కాబట్టే, పాసా ఫెయిలా అని కాకుండా అనుమానాన్ని మెట్లుగా విడగొట్టాల్సి వచ్చింది.

ఆ మెట్ల పేరు బైరాడ్స్. అమెరికన్ రేడియాలజీ కాలేజీ 1993లో మొదలుపెట్టింది. అంతకుముందు రిపోర్టుల్లో ఎవరికి తోచిన మాట వాళ్లు రాసేవారు, చదివిన సర్జన్ తల పట్టుకునేవాడు. ఇప్పుడు విశాఖలో ఏ స్కానింగ్ సెంటర్ రిపోర్టు తీసినా చివర ఒక అంకె ఉంటుంది. 2 అంటే హాని లేదు. 3 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి రెండు మించదు, ఆరు నెలల తర్వాత మళ్లీ రండి. 4 నుంచి ముక్క పరీక్ష (బయాప్సీ). 4ఏలో నూటికి 2 నుంచి 10, 4బీలో 10 నుంచి 50, 4సీలో 50 నుంచి 95. 5 అంటే 95 దాటినట్టే. నాలుగు అనగానే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి కానీ, పక్కన ఏ అక్షరం ఉందో చూడకుండా ఏడవడం తొందరపాటు.

అంకె వెయ్యడానికి ముందు చూసే ఆకారాల్లో నాకు అన్నిటికంటే నచ్చింది టీకప్పు. కొన్ని చిన్న నీటితిత్తుల అడుగున కాల్షియం మడ్డిలా దిగి ఉంటుంది. పైనుంచి తీసిన చిత్రంలో అది మసక చుక్కగా కనబడుతుంది, అనుమానం పుట్టిస్తుంది. అదే స్త్రీకి పక్కనుంచి, తొంభై డిగ్రీల్లో మళ్లీ తీస్తే మడ్డి కిందకి జారి, పైన చదునుగా, కింద వంపుగా, కప్పులో మిగిలిన టీలా పడుతుంది. భూమ్యాకర్షణనే పరీక్షగా మార్చుకున్నారు. కొత్త యంత్రం అక్కర్లేదు, సూది అక్కర్లేదు, ఒక్క చిత్రంతో ఒక స్త్రీకి బయాప్సీ తప్పిపోతుంది. పాత ఫైబ్రోఅడినోమా గడ్డలో పాప్‌కార్న్ లాంటి పెద్ద రవ్వలు, రక్తనాళం వెంట రెండు పట్టాల్లా నడిచే గీతలు, చర్మంలో నడుమ ఖాళీ ఉన్న చుక్కలు, ఇవన్నీ చూడగానే వదిలేసేవి. చిక్కంతా మిగతా వాటితోనే. అరమిల్లీమీటరు కంటే చిన్నవి, ఒకదాని ఆకారం ఇంకోదానికి లేనివి, ఒకే చోట గుంపుగట్టినవి. అలాంటప్పుడు రొమ్మును కింది పలక నుంచి పైకెత్తి, ఒకటిన్నర రెట్లకి పైగా పెంచి చిత్రం తీస్తారు. అప్పుడు కిరణం పుట్టే బిందువు 0.1 మిల్లీమీటరుకి తగ్గాలి, లేదంటే పెంచింది మసకే అవుతుంది.

రేడియాలజిస్టుకి ఇంత పొగడ్త చాలు. ఈ పనిలో సగానికి పైగా కష్టం టెక్నీషియన్‌ది, ఆమె పేరు మాత్రం రిపోర్టు మీద కనబడదు. చంకలో పౌడరు, డియోడరెంటు ఉంటే తుడుచుకు రమ్మంటుంది. వాటిలోని జింకు, అల్యూమినియం రేణువులు అచ్చం కాల్షియంలా పడతాయి. విశాఖ ఉక్కపోతలో ఈ మాట చెప్పడం మరిచిపోతే ఆ రోజు పని రెండింతలవుతుంది. తర్వాత రొమ్మును పలక మీద అమర్చాలి. ఏటవాలు చిత్రంలో ఛాతీ కండరం చనుమొన మట్టం దాకా దిగి కనబడాలి, రొమ్ము కింది మడత విచ్చుకోవాలి. ఆ మూల తప్పిపోతే అక్కడున్న చుక్క ప్రపంచంలో ఏ నిపుణుడికీ దొరకదు. “అమ్మా, భుజం వదిలెయ్యండి, బిగబట్టకండి, ఒక్క క్షణమే” అంటూ, ఎదుటి మనిషి సిగ్గూ భయమూ తగ్గేదాకా మాటలు చెబుతూనే చేత్తో సర్దుతుంది. మొదటిసారి వచ్చినవాళ్లు భుజాలు చెవుల దాకా ఎత్తేస్తారు. ఛాతీ కండరం బిగిస్తే చిత్రం చెడుతుంది. మాటతో కండరాన్ని వదులు చేయించడం ఏ పుస్తకంలోనూ పూర్తిగా దొరకని విద్య.

నొక్కుడు గురించి అందరూ తిట్టుకుంటారు. న్యాయమే, నొప్పి ఉంటుంది. కానీ ఆ నొక్కుడుతో నాలుగు పనులవుతాయి. ఒకదాని మీద ఒకటి పడ్డ పొరలు విడిపోతాయి, చెదిరే కిరణాలు తగ్గుతాయి, తగిలే రేడియేషన్ తగ్గుతుంది, అన్నిటికీ మించి రొమ్ము కదలదు. 0.2 మిల్లీమీటర్ల చుక్క ఫొటో తీస్తున్నప్పుడు ఒక్క ఊపిరి కదలిక చాలు, చుక్క చెరిగిపోవడానికి.

యంత్రం కూడా ఎప్పటికప్పుడు నమ్మకం నిలబెట్టుకోవాలి. దానికి ఒక యాక్రిలిక్ దిమ్మ ఉంటుంది, ఫాంటమ్ అంటారు. చాలాకాలంగా వాడుకలో ఉన్న అమెరికన్ కాలేజీ నమూనాలో మైనపు ముక్క లోపల నైలాన్ పోగులు ఆరు, గడ్డల్లాంటి బిళ్లలు ఐదు, కాల్షియంకి బదులుగా అల్యూమినియం ఆక్సైడ్ రవ్వల గుంపులు ఐదు దాచిపెట్టారు. రవ్వలు 0.54 మిల్లీమీటర్ల దగ్గర మొదలై 0.40, 0.32, 0.24 మీదుగా 0.16 దాకా తగ్గుతాయి. చిత్రంలో కనీసం నాలుగు పోగులు, మూడు గుంపులు, మూడు బిళ్లలు కనబడకపోతే ఆ యంత్రంతో మనిషిని తియ్యకూడదు. ఆర్‌టీ ఫిల్ము తీసేటప్పుడు కూడా సన్నని తీగల వరుస పెట్టి, ఎన్నో తీగ దాకా కనబడిందో చూసి గానీ అతుకు వైపు కన్ను తిప్పరు. తనిఖీ చేసే సాధనాన్నే ముందు తనిఖీ చెయ్యాలన్న పట్టుదల రెండు చోట్లా ఒకటే. మన దేశంలో ఈ యంత్రాలు నడపాలంటే అణుశక్తి నియంత్రణ బోర్డు అనుమతి ఉండాలి. వెల్డింగుకి ఇరీడియం వాడాలన్నా అదే బోర్డు.

ఇక ముక్క తియ్యడం. చేతికి తగలని, అల్ట్రాసౌండ్ స్కానింగులో చాలాసార్లు కనబడని చుక్కల్లోకి సూది ఎలా దింపుతారు? స్టీరియోటాక్టిక్ పద్ధతిలో ఒకే చోటిని కుడివైపు పదిహేను డిగ్రీలు, ఎడమవైపు పదిహేను డిగ్రీలు వంచి రెండు చిత్రాలు తీస్తారు. రెండింటి మధ్య చుక్క ఎంత జరిగిందో కొలిస్తే లోతు తెలుస్తుంది. మన రెండు కళ్లు దూరం అంచనా కట్టే లెక్కే. 1970ల్లో స్వీడన్‌లో దీనికి యంత్రం తయారైంది. సూది దిగి, వాక్యూమ్‌తో సన్నని ముక్కలు లాగుతుంది. ఇక్కడే నేను అన్నిటికంటే ఎక్కువగా గౌరవించే అడుగు ఉంది: తీసిన ముక్కల్ని వెంటనే ఎక్స్‌రే తీస్తారు. వాటిలో కాల్షియం కనబడితేనే పని అయినట్టు. కనబడకపోతే సూది గురి తప్పిందని ఒప్పుకుని మళ్లీ మొదలుపెట్టాలి. ముక్కల్లో కాల్షియం కనబడితే గాని ‘క్యాన్సర్ లేదు’ అని వచ్చే రిపోర్టుకి విలువ లేదు. లోపల ఒక చిన్న లోహపు క్లిప్పు వదిలి బయటికొస్తారు. చుక్కలన్నీ ముక్కల్లోనే వచ్చేస్తే, రేపు సర్జన్‌కి చోటు చూపేది అదొక్కటే.

ముక్క పాథాలజిస్టు చేతికి వెళ్లాక కూడా వేట ఆగదు. మైనంలో పోసి, మిల్లీమీటరులో వెయ్యోవంతుల లెక్కన పొరలు కోస్తారు. ఎక్స్‌రేలో చూసిన కాల్షియం గాజు పలక మీద కనబడకపోతే, మైనపు దిమ్మనే ఎక్స్‌రే తీసి ఇంకా ఎంత లోతున ఉందో చూస్తారు. ఇంకో మెలిక ఉంది. కాల్షియం ఫాస్ఫేటు మామూలు రంగుల్లో ఊదాగా దొరుకుతుంది. కాల్షియం ఆక్సలేటు స్ఫటికాలు మాత్రం మామూలు వెలుతురులో దాదాపు కనబడవు, ధ్రువణ కాంతి కింద పెడితేనే మెరుస్తాయి. ఆక్సలేటు సాధారణంగా హానిలేని మార్పుల్లో కనిపించేది. అంటే రేడియాలజిస్టుకి కనబడి, పాథాలజిస్టుకి కనబడని చుక్క ఉంటుంది. ఇద్దరూ మాట్లాడుకోని చోట రోగి నలిగిపోతుంది.

ఇదంతా విశాఖలో ఎవరికి అందుతుందన్న ప్రశ్న పక్కన పెట్టి పొగుడుతూ పోవడం బాగుండదు. 1923 నాటి కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్) శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచీ, ఏజెన్సీ నుంచీ, అటు ఒడిశా నుంచీ కూడా రోగులు వస్తారు. స్టీల్‌ప్లాంటుకి దగ్గర్లో, అగనంపూడిలో, టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. కానీ మన దేశంలో ఎక్కువమంది స్త్రీలు గడ్డ చేతికి తగిలాకే వస్తారు. కాల్షియం చుక్కలు ఏ బాధా లేని మనిషి పరీక్షకి వస్తేనే దొరుకుతాయి. దేశంలో 2022లో కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడినవాళ్లు 1.92 లక్షల మంది అని అంతర్జాతీయ అంచనా. పరీక్షకి రావాల్సిన స్త్రీలందరికీ చాలినన్ని మామోగ్రఫీ యంత్రాలుగానీ, చదివేవాళ్లుగానీ లేరు.

అందుకే టాటా మెమోరియల్ వాళ్లు ముంబైలో వేరే దారి పరీక్షించారు. 1998లో మొదలుపెట్టి, లక్షన్నర మంది స్త్రీలతో ఇరవయ్యేళ్ల పాటు సాగిన అధ్యయనంలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. 2021లో వచ్చిన ఫలితాల్లో, మొత్తం మీద మరణాల తగ్గుదల గణాంకాల గీటురాయికి నిలబడలేదు గాని, యాభై దాటినవాళ్లలో దాదాపు 30 శాతం తగ్గాయి. ప్రభుత్వ స్క్రీనింగ్ మార్గదర్శకాల్లోనూ ముప్పై దాటినవాళ్లకి చేతి పరీక్షే ఉంది. చెయ్యి పట్టేది గడ్డని, కాల్షియం చుక్కని పట్టదు. పట్టినంతలోనే ఇంతమంది బతికారంటే, యంత్రం మీద ప్రేమతో చేతిని చులకన చెయ్యకూడదనే నాకనిపిస్తుంది.

మామోగ్రాము వాడకం పెరిగిన దేశాల్లో ఇప్పుడు చిక్కు తిరగబడింది. అక్కడ చుక్కలు మరీ ఎక్కువగా దొరుకుతున్నాయి. సున్నా దశలో పట్టిన ప్రతి డీసీఐఎస్ గోడ దాటుతుందన్న నియమం లేదు. కొన్ని జన్మంతా లోపలే ఉండిపోతాయి. అయినా దొరికాక కోసెయ్యడమే అలవాటైంది. అమెరికాలో కామెట్ అనే అధ్యయనం, తక్కువ ప్రమాదం ఉన్న డీసీఐఎస్ స్త్రీలని రెండు జట్లు చేసింది. ఒక జట్టుకి మామూలుగా ఆపరేషన్, రెండో జట్టుకి ఆరు నెలలకోసారి మామోగ్రాముతో కాపలా. 2024 డిసెంబరులో వచ్చిన రెండేళ్ల లెక్కలో, గోడ దాటిన క్యాన్సర్ ఆపరేషన్ జట్టులో 5.9 శాతం, కాపలా జట్టులో 4.2 శాతం. కాపలా తీసిపోలేదన్నమాట. ఈ రోగానికి రెండేళ్లు చాలా చిన్న గడువు. పైగా ఎంచుకున్నవాళ్లంతా తక్కువ ప్రమాదం వాళ్లే. నాళం నిండా కొమ్మల గీతలు గట్టిపడి, 4సీ పడ్డ స్త్రీకి ఈ అంకెలు చూపించి ఇంటికి పంపడం తప్పు. అయిదేళ్లు, పదేళ్ల లెక్కలు రావాల్సి ఉంది. ఈలోగా కాపలా జట్టులోని ప్రతి స్త్రీ విషయంలోనూ రేడియాలజిస్టు చెయ్యాల్సిన పని, పాత చిత్రం పక్కన కొత్త చిత్రం పెట్టి, గుంపు పెరిగిందా, గుండ్రని చుక్క ఏదైనా గీతగా సాగిందా అని చూడటం.